మైనస్ క స్క్వేర్: పుస్తకంలో −5, నాకు 13, మావాడికి 18

తిరుచానూరు_అమ్మ | శనివారం, రాత్రి 8:47

అందరికీ నమస్కారం. మావాడు ఏడో తరగతి. సోమవారం స్లిప్ టెస్ట్ ఉంది, బీజీయ సమాసాల విలువ కనుక్కోవడం మీద. ఒక్క లెక్క దగ్గర సాయంత్రం నుంచి ఇంట్లో యుద్ధం జరుగుతోంది.

లెక్క ఇది: −క² + 2క + 10. క = −3 అయితే దీని విలువ ఎంత?

(పుస్తకంలో క బదులు ఎక్స్ ఉంది. ఫోన్‌లో మాటిమాటికీ భాష మార్చలేక క అని రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.)

వాడు చేసి 18 అన్నాడు. నేను చేస్తే 13 వచ్చింది. పుస్తకం వెనక చూస్తే −5 అని ఉంది. అచ్చు తప్పేమోనని మా ఆయన్ని అడిగాను. ఆయన ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి =-(-3)^2+2*(-3)+10 అని కొట్టారు. 13 వచ్చింది. గెలిచాననుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. మావాడు మాత్రం పుస్తకమూ తప్పే, అమ్మా తప్పే, కంప్యూటరూ తప్పే అని భీష్మించుకుని కూర్చున్నాడు.

నేను ఇంటర్ బైపీసీ. లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయింది. నేను చేసింది ఇలా: మైనస్, దాని పక్కన మైనస్ 3 స్క్వేర్. మైనస్ మైనస్ ప్లస్, కాబట్టి +9. 2 ఇంటూ −3 అంటే −6. 9 − 6 + 10 = 13. ఎక్కడ తప్పింది?

కాణిపాకం_కిట్టు | 8:52

ఎక్సెల్ అబద్ధం ఆడదు అక్కా. పుస్తకంలో అచ్చు తప్పే. మా రోజుల్లో గైడు వెనక జవాబులు చూసి ఎన్నిసార్లు మోసపోయామో! నా ఓటు 13కే.

పాకాల_మాస్టారు | 9:05

ఓట్లు తర్వాత వేద్దాం కిట్టూ. అమ్మా, పుస్తకం సరిగ్గానే ఉంది, జవాబు −5. దాని సంగతి చెప్పేముందు మీ అబ్బాయి 18 ఎలా తెచ్చాడో ఆ లైన్లు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. 34 ఏళ్లు హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. జవాబు తప్పయితే నేను చివరి లైను చూడను, మొదటి లైను చూస్తాను.

తిరుచానూరు_అమ్మ | 9:11

వాడి నోట్సులో ఇలా ఉంది సార్.

−−3² + 2−3 + 10
= 9 − 1 + 10
= 18

చేతిరాత గురించి మాత్రం ఏమీ అనకండి, పక్కనే కూర్చుని చదువుతున్నాడు.

పాకాల_మాస్టారు | 9:34

ఫోన్‌లో చేతిరాత ఏం కనపడుతుంది తల్లీ, వాడు అదృష్టవంతుడు.

అబ్బాయీ, 2−3 అంటే −1 అన్నావు. నిజమే. కానీ లెక్కలో ఉన్నది 2−3 కాదు నాయనా, 2క. రెండు ఇంటూ క అని. నువ్వు క చెరిపేసి ఆ చోట −3 అతికించేసరికి కనపడని ఇంటూ గుర్తు కాస్తా పోయింది. దాని కుర్చీలో మైనస్ వచ్చి కూర్చుంది. ఆ తర్వాత నువ్వు చేసిన లెక్క బాగానే చేశావు, కాకపోతే అది వేరే లెక్క.

నేను క్లాసులో చేయించే పద్ధతి చెబుతాను. అక్షరం కనపడిన ప్రతిచోటా ముందు ఖాళీ బ్రాకెట్ రాయాలి. సంఖ్య జోలికి ఇంకా పోవద్దు.

−(  )² + 2(  ) + 10

ఇప్పుడు ఆ ఖాళీల్లో సంఖ్య నింపు.

−(−3)² + 2(−3) + 10

చిల్లర కొట్లో చక్కెర అడిగితే చేతిలో పోస్తారా? పొట్లం కట్టి ఇస్తారు. సంఖ్యని కూడా దాని మైనస్‌తో సహా పొట్లం కట్టి లోపల పెట్టాలి. పుస్తకంలో దీన్నే ప్రతిక్షేపించడం అంటారు. ఆ మాట పలకడానికే పిల్లలకి భయం, పని మాత్రం ఇంతే.

ఇక అమ్మా, మీ 13. మీది వరస తప్పింది. పైనున్న చిన్న 2 తనని ఆనుకుని ఉన్నదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. −క² లో అది పట్టుకున్నది క ని, ముందున్న మైనస్‌ని కాదు. కాబట్టి మొదట (−3)² చెయ్యాలి: (−3) × (−3) = 9. లోపలి మైనస్ అక్కడే ఖర్చయిపోయింది. బయటి మైనస్ ఇంకా బయటే నిలబడి ఉంది. అంటే −9. ఆ తర్వాత −6, +10. మొత్తం −9 − 6 + 10 = −5. మీరేం చేశారంటే, స్క్వేర్ పూర్తి కాకముందే బయటి మైనస్‌కీ లోపలి మైనస్‌కీ పెళ్లి చేసేశారు.

తిరుచానూరు_అమ్మ | 9:48

ముహూర్తం కాకముందే చేశానన్నమాట! అర్థమైంది సార్. మావాడు ఖాళీ బ్రాకెట్లతో మళ్లీ చేశాడు, −5 వచ్చింది. కానీ ఎక్సెల్‌కి 13 ఎందుకొచ్చింది? మా ఆయన ఒప్పుకోవడం లేదు. కంప్యూటర్ కంటే మాస్టారికి ఎక్కువ తెలుసా అంటున్నారు. ఆయన మాట సార్ అది, నాది కాదు.

గిరింపేట_కుర్రోడు | 10:02

అక్కా, బావగారికి నా మాటగా చెప్పండి. ఎక్సెల్ చెడిపోలేదు, దాని పద్ధతి వేరు. సంఖ్యకి ముందు తగిలించిన మైనస్‌ని అది మొదట చేస్తుంది, ఘాతాన్ని (^ గుర్తుతో రాసే స్క్వేర్ లాంటివి) తర్వాత చేస్తుంది. లెక్కల పుస్తకంలో దీనికి తలకిందులు. ఇందులో దాపరికమేమీ లేదు, మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ సహాయ పేజీలోనే ఆ వరస రాసి పెట్టారు. మనం చదవం, అంతే.

ల్యాప్‌టాప్ ఇంకా తెరిచి ఉంటే నాలుగు గడుల్లో ఇవి కొట్టమనండి.

=-3^2 కొడితే 9
=0-3^2 కొడితే −9
=10-3^2 కొడితే 1
=-3^2+10 కొడితే 19

చివరి రెండూ చూడండి. 10లోంచి 9 తీసేస్తే 1. అవే పదాలు అటుదిటు మార్చి రాస్తే 19. రెండు సంఖ్యల మధ్య ఉన్న మైనస్ తీసివేత, మొదట్లో ఉన్న మైనస్ గుర్తు అని ఎక్సెల్ వేరువేరుగా చూస్తుంది. అక్కడ వచ్చింది తేడా. మీకూ ఎక్సెల్‌కీ 13 రావడం కేవలం కాకతాళీయం కాదు, ఇద్దరూ మైనస్‌లనే ముందు కలిపారు.

ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషలో -3**2 కొడితే (అక్కడ ** అంటే ఘాతం) −9 వస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే, ఎక్సెల్‌లోనే మాక్రోలు రాసుకునే వీబీఏ ఉంది కదా, అందులో అదే -3^2 రాస్తే −9. ఒకే ఇంట్లో అన్నదమ్ములు, ఇద్దరివీ రెండు లెక్కలు. నేను బెంగళూరు వెళ్లిన కొత్తల్లో దీనివల్లే ఒక రిపోర్టు మొత్తం తప్పు పంపి రెండు రోజులు తిట్లు తిన్నాను. అప్పటినుంచి మైనస్‌తో మొదలయ్యేది ఏదైనా =-(3^2) అని బ్రాకెట్ పెట్టే రాస్తాను. అలా రాస్తే ఎక్సెల్ కూడా బుద్ధిగా −9 ఇస్తుంది.

కాణిపాకం_కిట్టు | 10:05

13కి వేసిన ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. మచ్చా, ఇది నీకు ఇంటర్వ్యూలో అడిగారా?

గిరింపేట_కుర్రోడు | 10:06

అడిగి ఉంటే నాకు ఆ ఉద్యోగం వచ్చేది కాదు మచ్చా.

పాకాల_మాస్టారు | 10:20

కుర్రోడు చెప్పిన ఆ 1, 19 మాట బంగారం. −క² అంటే −(క²) అనే ఎందుకు పెట్టుకోవాలి, (−క)² అని ఎందుకు కాకూడదు అని తెలివైన పిల్లలు అడుగుతారు. రూలు అని నోరు మూయించడం తేలిక. కానీ 10 − క² ని −క² + 10 అని తిప్పి రాసినా విలువ మారకూడదు కదా. మారకుండా ఉండాలంటే ఘాతం ముందు, మైనస్ తర్వాత అని ఉండి తీరాలి. అమ్మా, మీవారికి నా నమస్కారాలు చెప్పండి. కంప్యూటర్‌కి నాకంటే వేగం ఎక్కువ, అందులో సందేహం లేదు.

బైరాగిపట్టెడ_బీఎడ్ | 10:41

మాస్టారూ, నమస్తే. ఆ 2−3 గురించి ఒక మాట కలపాలని ఉంది. ప్రాక్టీస్ టీచింగ్‌కి చంద్రగిరి వైపు ఒక స్కూలుకి వెళ్లినప్పుడు 2క లో క = 5 పెట్టండి అంటే క్లాసులో చాలామంది 25 అన్నారు. మొదట నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు పిల్లలది కాదనిపించింది.

అప్పటిదాకా వాళ్లు చదివిన లెక్కల్లో రెండు పక్కపక్కన ఉంటే ఏమిటి అర్థం? 25 లో 2, 5 పక్కపక్కన ఉంటే ఇరవై, ఐదు. అంటే స్థానవిలువ. 2½ లో 2, ½ పక్కపక్కన ఉంటే రెండూ కలపాలి, అంటే కూడిక. ఇప్పుడు ఏడో తరగతిలో 2క అని రాసి, ఇక్కడ పక్కపక్కన ఉంటే గుణకారం అంటున్నాం. మూడు చోట్ల మూడు అర్థాలు! ఈ సంగతి విడిగా ఎవరూ చెప్పరు. నేను మర్నాడు ఈ మూడూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒక్కోదానికి మధ్యలో కనపడని గుర్తేమిటో మీరే చెప్పండి అన్నాను. ఆ పీరియడంతా దాంతోనే అయిపోయింది. లెసన్ ప్లాన్ అటకెక్కింది. అబ్జర్వేషన్‌కి వచ్చిన మేడం మార్కులు తగ్గించారు. అది వేరే కథ.

ఇంకోటి. అక్షరం వస్తువు పేరు కాదు. పెన్ను ధర ప, నోటుబుక్కు ధర న అనుకుని 3ప + 2న అని రాస్తే, అదేమిటని అడిగితే మూడు పెన్నులు, రెండు నోటుబుక్కులు అంటారు. కాదు. 3 ఇంటూ పెన్ను ధర, 2 ఇంటూ నోటుబుక్కు ధర. ప = 10, న = 45 అయితే 30 + 90 = 120 రూపాయలు. ప అంటే పెన్నే అనుకున్నవాడు దాని చోట 10 ఎలా పెడతాడు? ఐదు వస్తువులు అంటాడు, అంతే. అందుకే నేను వస్తువు మొదటి అక్షరం వాడను, ఏ సంబంధమూ లేని అక్షరం ఇస్తాను.

తిరుచానూరు_అమ్మ | 10:50

మేడం, మావాడు ఇది చదివి, మా సార్ ఆపిల్‌కి ఏ, బనానాకి బీ అనే చెప్పారే అన్నాడు. రేపు మాట్లాడుకుందాం, నిద్రకి టైమైంది.

పలమనేరు_పాడి | ఆదివారం, ఉదయం 6:38

పాలు పోసి వచ్చి కూర్చుని అంతా చదివినాను. నేను టెన్త్ లెక్కల్లో తప్పినోణ్ణి. అయినా రోజుకి రెండుసార్లు మీరు చెప్పే ఈ సమాసమే చేస్తాను, దానికి ఆ పేరుందని ఇప్పుడే తెలిసింది.

మాది ఎనుము పాలు. ఫ్యాట్‌ని బట్టి డబ్బు. ప అంటే ఎన్ని లీటర్లు, వ అంటే ఫ్యాట్ ఎంత శాతం, ధ అంటే కిలో ఫ్యాట్‌కి రేటు. మొదట్లో నేను ప × వ ÷ 100 × ధ అనుకునేవాణ్ణి. 8 లీటర్లు, ఫ్యాట్ 6.5, కిలో ఫ్యాట్ 800 రూపాయలు అనుకోండి. 416 వస్తుంది. చీటీలో చూస్తే 428 రూపాయల 48 పైసలు ఉండేది. మనకి ఎక్కువ పడతాంది, ఎందుకు నోరు తెరవాలని కిక్కురుమనకుండా వచ్చేవాణ్ణి. ఎన్నాళ్లో అట్ల లోపల భయపడతానే గడిచింది.

మా పాప డిగ్రీ చదువుతుంది. అది చూసి నవ్వింది. నాయనా, ఫ్యాట్ శాతం లెక్క బరువు మీద, నువ్వు పోసేది లీటర్లు, లీటరు పాలు తూకానికి ఇంచుమించు కిలో 30 గ్రాములు ఉంటాయి, అందుకని 1.03 తో గుణించాలి అనింది. 8 × 1.03 = 8.24 కిలోలు. అందులో నూటికి ఆరున్నర అంటే 0.5356 కిలో ఫ్యాట్. దాన్ని 800 తో గుణిస్తే 428.48. పైసాతో సహా సరిపోయింది. వాళ్లు నాకు ఎక్కువ ఇచ్చిందేమీ లేదు, నేను దొంగమొహం పెట్టుకుని తిరిగిందే మిగిలింది.

పాప చివరికి 0.0103పవధ అని ఒక్క ముక్కలో రాసిచ్చింది. గోడ మీద బొగ్గుతో రాసుకున్నా. ఆవు పాలయితే ఇంత సులువు కాదు, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థం) కూడా చూస్తారు, ఇంకో అక్షరం వస్తాది.

బీఎడ్ మేడం సంబంధం లేని అక్షరం ఇవ్వాలంటున్నారు. నాకైతే ప, వ, ధ కాకపోతే ఏది ఏదో తెలీదమ్మా.

బైరాగిపట్టెడ_బీఎడ్ | 7:30

అయ్యా, మీరు "ప అంటే ఎన్ని లీటర్లు" అని రాశారు. "ప అంటే పాలు" అని రాయలేదు. ఆ తేడా తెలిసినవాళ్లు ఏ అక్షరం వాడినా ఫర్వాలేదు. నా రూలు మీకు వర్తించదు, మీ గోడ ఫొటో ఉంటే మాత్రం పెట్టండి, క్లాసులో చూపిస్తాను.

పాకాల_మాస్టారు | 8:15

పాడి రైతు గారూ, అందులో 0.0103 గుణకం, మారదు. మిగతా మూడూ చరరాశులు, పూటపూటకీ మారతాయి. రేటు మాత్రం అప్పుడప్పుడూ మారుతుంది, అందుకని మీకు అది స్థిరరాశిలాగే అనిపిస్తుంది. టెన్త్ తప్పిన సంగతి ఇంక ఎక్కడా చెప్పకండి.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఎక్స్ అనేదేదో ఇంగ్లీషువాళ్ల సొత్తు అనుకుని పిల్లలు జంకుతారు. మనవాళ్లు అంతకు ముందెప్పుడో తెలియని సంఖ్యలకి రంగుల పేర్లు పెట్టుకున్నారు. మొదటి దానికి యావత్తావత్, అంటే ఎంతో అంత. ఆ తర్వాతవి కాలక, నీలక, పీతక: నలుపు, నీలం, పసుపు. రాసేటప్పుడు యా, కా, నీ, పీ అని మొదటి అక్షరాలే. రుణసంఖ్య అయితే నెత్తి మీద చుక్క. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి బీజగణితంలో ఇదంతా కనపడుతుంది. ఎక్స్, వై, జెడ్‌లు తెలియనివాటికి వాడే అలవాటు ఫ్రెంచి గణితవేత్త దెకార్త్ 1637లో వేసిన పుస్తకంతో స్థిరపడింది. కాబట్టి అమ్మ ఫోన్ మార్చలేక క అని రాయడంలో తప్పేమీ లేదు, పాత పద్ధతికి దగ్గరగానే ఉంది.

పలమనేరు_పాడి | 8:40

సార్, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎట్లయితాది? టెన్త్‌లో నేను తప్పింది అక్కడే. అప్పుని అప్పుతో గుణిస్తే ఆస్తి ఎట్ల అవుతాది?

పాకాల_మాస్టారు | 9:10

మీరు అడిగిన మాటలతోనే బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో సూత్రం రాశాడు. ధనం అంటే ఆస్తి, రుణం అంటే అప్పు. రెండు రుణాల గుణకారం ధనం అన్నాడు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, నెలకి 500 చొప్పున అప్పు తీరుస్తున్నారు. నెలకి −500. మూడు నెలల తర్వాత, అంటే +3, మీ చేతిలో ఈరోజుకంటే 1500 తక్కువ. మరి మూడు నెలల కిందట, అంటే −3? ఈరోజుకంటే 1500 ఎక్కువ ఉండేది కదా. (−500) × (−3) = +1500. అప్పుని అప్పుతో గుణించడం కాదు, వెనక్కి తిరిగి చూడటం.

పలమనేరు_పాడి | 9:14

ఈ మాట ఆరోజు ఎవరైనా చెప్పుంటే!

కాణిపాకం_కిట్టు | 10:30

టిఫిన్ అయింది, నా వంతు. మాస్టారూ, బోడ్‌మాస్‌లో ఏ ముందు, ఎస్ తర్వాత. అంటే కూడిక ముందు, తీసివేత తర్వాత. మరి 10 − క + 3 లో క = 4 అయితే ముందు 4 + 3 = 7, తర్వాత 10 − 7 = 3. కరెక్టే కదా?

గిరింపేట_కుర్రోడు | 10:33

మచ్చా, వద్దు.

పాకాల_మాస్టారు | 10:45

9 కిట్టూ. కూడిక, తీసివేత ఒకే అంతస్తులో ఉంటాయి, ఎడమ నుంచి కుడికి వచ్చినవి వచ్చినట్టు చెయ్యాలి. గుణకారం, భాగహారం కూడా అంతే. 10 − 4 = 6, 6 + 3 = 9. ఆ మాటలోని అక్షరాలు గుర్తుపెట్టుకోవడానికి వరసగా పేర్చారు గానీ, ఏ కి పెద్దరికం, ఎస్ కి చిన్నరికం లేదు. నీలాంటివాళ్లని తప్పుదారి పట్టించింది ఆ మాటే. నేను దాన్ని క్లాసులో వాడటం మానేసి చాలాకాలమైంది.

కాణిపాకం_కిట్టు | 10:58

ముప్పై ఏళ్లు తప్పు మోశాను. సరే, నాకు తెలిసిన లెక్క చెబుతాను, పిల్లోడికి పనికొస్తుంది. కొండ మీద దర్శనం చేసుకున్నవాళ్లకి తలా ఒక లడ్డు ఉచితం, పైన కావాలంటే ఒక్కోటి 50 రూపాయలు. జ మంది వెళ్లి మొత్తం ల లడ్లు తెచ్చుకుంటే ఖర్చు 50(ల − జ). మేం నలుగురం వెళ్లి 10 తెచ్చాం: 50(10 − 4) = 300. బ్రాకెట్ ఎగ్గొట్టి 50 × 10 − 4 అని చేస్తే 496! నాలుగు లడ్లు తీసెయ్యాల్సింది పోయి నాలుగు రూపాయలు తీసేశాం.

తిరుచానూరు_అమ్మ | 11:20

ఇది మావాడికి భలే నచ్చింది. వాడే ఇంకోటి తయారు చేశాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. నిమిషానికి మ మెట్లు చొప్పున న నిమిషాలు ఎక్కితే మిగిలినవి 3550 − మన (మ ఇంటూ న). మ = 20, న = 60 అయితే 2350. ఇక్కడిదాకా బాగుంది. న = 200 పెడితే −450 వచ్చింది, ఇదేంటమ్మా అంటున్నాడు.

కాణిపాకం_కిట్టు | 11:22

భక్తి ఎక్కువై గుడి దాటి శేషాచలం అడవిలోకి ఇంకో 450 మెట్లు పోయాడు.

బైరాగిపట్టెడ_బీఎడ్ | 11:40

బాబూ, లెక్క తప్పు కాదు. సమాసానికి గుడి ఎక్కడుందో తెలియదు, నువ్వు ఏ సంఖ్య ఇస్తే దాన్ని మింగుతుంది. న కి ఎంతవరకు ఇవ్వచ్చో మనమే చూసుకోవాలి. ఇక్కడ మన అనేది 3550 దాటకూడదు, అంటే నిమిషానికి 20 మెట్లయితే న 177న్నర వరకే. శ్రీవారి మెట్టు దారిలో వెళ్తే 3550 చోట 2388 పెట్టుకో. (గాలిగోపురం దగ్గర కూర్చుని మజ్జిగ తాగిన టైము ఇందులో లేదు. ఆ నిమిషాల్లో మ సున్నా.)

మదనపల్లె_మధు | మధ్యాహ్నం 1:15

మరి 8 ÷ 2(2 + 2) ఎంత? 16 ఆ, 1 ఆ? 2019లో ఇంటర్నెట్ మొత్తం కొట్టుకుంది కదా.

నిర్వాహకుడు | 1:21

ఈ ప్రశ్న మీద ఇంతకుముందు మూడు చర్చలు మూసేశాం. నాలుగోది వద్దు. పిల్లాడికి రేపు పరీక్ష.

పాకాల_మాస్టారు | 1:40

నిర్వాహకుడు గారు మన్నించాలి, ఒక్క ముక్క. ఆ గీత పైన ఏముంది, కింద ఏముంది అని తెలిసేలా భిన్నంగా రాయనివాడిదే తప్పు. అయిపోయింది.

అబ్బాయికి పరీక్ష కోసం ఇంకొక్కటి. విలువ పెట్టేముందు సమాసాన్ని ఒకసారి పైనుంచి కిందకి చూడు. 7(క − 4) − 7క + 30 లో క = 1987 అని ఇచ్చారనుకో. వెంటనే 1983 ని 7 తో గుణించడం మొదలుపెట్టకు. బ్రాకెట్ విప్పితే 7క − 28 − 7క + 30. 7క, −7క పోయాయి. మిగిలింది 2. క 1987 అయినా, −3 అయినా, 2. సజాతి పదాలు కలపమని చెప్పే పాఠం ఈ పాఠానికి ముందే ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా?

గిరింపేట_కుర్రోడు | 2:05

దీనికి తోకగా నాదొకటి. 2క³ − 5క² + 4క − 7 లో క = 6 పెట్టాలంటే ఘనం, వర్గం అన్నీ విడివిడిగా చెయ్యనక్కర్లేదు. ((2క − 5)క + 4)క − 7 అని రాసుకుంటే లోపలి నుంచి బయటికి వచ్చేయొచ్చు. 12 − 5 = 7, 7 × 6 + 4 = 46, 46 × 6 − 7 = 269. హార్నర్ పద్ధతి అంటారు. ఆయన దాన్ని 1819లో ప్రకటించినా, చైనాలో చిన్ జియుషావ్ 1247లోనే వాడాడు. ప్రోగ్రాముల్లో మేం ఇప్పటికీ ఇలాగే రాస్తాం. ఏడో తరగతికి అక్కర్లేదేమో, ఊరికే.

తిరుచానూరు_అమ్మ | సాయంత్రం 6:10

మావాడు ఇవాళ 20 లెక్కలు చేశాడు, రెండే తప్పులు. మాస్టారూ, ఇంకా టైముంది, ఏదైనా సరదాగా ఉండేది ఇవ్వమంటున్నాడు. నేను ఇవ్వగలిగింది నిద్రే.

పాకాల_మాస్టారు | 6:25

క² + క + 41. క చోట 0, 1, 2, 3 అని వరసగా పెట్టుకుంటూ పో. వచ్చిన ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్య అవునో కాదో చూడు. మొదటిసారి కానిది ఎక్కడ దొరికితే అక్కడ ఆగు. ఆయిలర్ అనే గణితవేత్త 1772లో ఇలాంటిదే చూపించాడు, ఆయనది మధ్యలో మైనస్ క. పరీక్ష అయ్యాకే చెయ్యాలి సుమా.

తిరుచానూరు_అమ్మ | సోమవారం, రాత్రి 7:55

పదికి తొమ్మిది! మైనస్ ఉన్నవన్నీ కరెక్ట్. పోయిన మార్కు ఏంటో తెలుసా? 2క + 3, క = ½. జవాబు 5½ అని రాశాడు. ఎలా వచ్చిందిరా అంటే, క తీసి ½ పెడితే 2½, దానికి 3 కలిపితే 5½ అంట. బ్రాకెట్ ఏదిరా అంటే, అందులో మైనస్ లేదు కదమ్మా అన్నాడు.

బైరాగిపట్టెడ_బీఎడ్ | 8:03

అయ్యో! శనివారం రాత్రి నేను రాసిన 2½ ఇదే కదా బాబూ. 2(½) అంటే 1. 1 + 3 = 4. ఈ లెక్క ఇచ్చిన టీచర్ ఎవరో గానీ, కావాలనే ఇచ్చారు. నా క్లాసుకి రేపే పట్టుకెళ్తాను.

పాకాల_మాస్టారు | 8:10

తప్పు నాది. చక్కెర పొట్లం ఉదాహరణ మైనస్ దగ్గరే చెప్పి ఊరుకున్నాను. అబ్బాయీ, లోపలికి 5 వెళ్లినా పొట్లమే, ½ వెళ్లినా పొట్లమే.

తిరుచానూరు_అమ్మ | 8:32

సార్ నేను అమ్మ కాదు, నేనే రాస్తున్నాను. అమ్మ ఫోన్. 41 లెక్క చేశాను. 0 కి 41, 1 కి 43, 2 కి 47, 3 కి 53. 12 వరకు నేను చేశాను, అన్నీ ప్రధానమే. తర్వాతవి గిరింపేట అన్న లిస్టు పంపాడు. 39 కి 1601, అది కూడా ప్రధానమే. 40 కి 1681. అది 41 × 41. అక్కడ ఆగాను.

పాకాల_మాస్టారు | 8:36

శభాష్. ఇప్పుడు కాగితం, లిస్టు రెండూ పక్కన పెట్టు. క చోట 41 పెడితే ప్రధాన సంఖ్య వస్తుందా, రాదా? గుణించకుండా చెప్పాలి.

తిరుచానూరు_అమ్మ | 8:41

(41)² + (41) + 41. అన్నిట్లో 41 ఉంది సార్. 41 తో పోతుంది. రాదు. 41 ఇంటూ 43.